టికెట్ సీటుకా? మనిషి బరువుకా?

లావుగా ఉన్న ప్రయాణికులు విమానంలో ఎక్కువ డబ్బు కట్టాలా? అమెరికాలో మళ్లీ మొదలైన ఈ చర్చ గ్రూప్ డిస్కషన్ టేబుల్ మీదకు ఎప్పుడైనా రావచ్చు. ‘అవును’, ‘కాదు’ అనే ముందు కాస్త లెక్క వేసి చూద్దాం.

అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ అంటే మధ్యతరగతి విమానం. లావుగా ఉన్న ప్రయాణికుల విషయంలో ఆ కంపెనీకి చాలా ఏళ్లుగా మంచి పేరుంది. ఒక సీటు చాలనివాళ్లు రెండో సీటు ముందే కొనుక్కుంటే, ప్రయాణం అయ్యాక ఆ డబ్బు వెనక్కి ఇచ్చేసేవారు. ముందు కొనకపోయినా ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ దగ్గర అడిగితే ఉచితంగా ఏర్పాటు చేసేవారు. 2026 జనవరి 27 నుంచి ఈ పద్ధతి మారింది. రెండో సీటు అవసరమైనవాళ్లు దాన్ని బుకింగ్ సమయంలోనే కొనాలి. విమానం కనీసం ఒక ఖాళీ సీటుతో బయల్దేరితేనే, అదీ కొన్ని షరతులకు లోబడే, రీఫండ్ వస్తుంది. ముందు కొనకుండా వస్తే ఎయిర్‌పోర్ట్‌లో కొనాలి. విమానం నిండిపోతే వేరే ఫ్లైట్ చూసుకోవాలి.

దీంతో పాత వాదన మళ్లీ మొదలైంది. ‘రెండు సీట్లు వాడుకుంటే రెండు టికెట్లు కొనాల్సిందే, ఇందులో అన్యాయం ఏముంది?’ అని ఒక వర్గం. ‘మనిషి ఒక్కడే, ప్రయాణం ఒక్కటే, టికెట్ రెండెందుకు?’ అని ఇంకో వర్గం. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ వాదనలో రెండు వేరు వేరు విషయాలు కలగాపులగం అయిపోతున్నాయి. ముందు వాటిని విడదీయాలి.

బరువు వేరు, వెడల్పు వేరు

మన ఊళ్లో షేర్ ఆటో గుర్తు తెచ్చుకోండి. వెనక సీట్లో ముగ్గురు సర్దుకుని కూర్చున్నారు. నాలుగో ఆయన కాస్త భారీగా ఉన్నారు. డ్రైవర్‌కు వచ్చే ఇబ్బంది ఏంటి? పెట్రోల్ ఎక్కువ కాలిపోతుందనా? కాదు. ఆయన కూర్చుంటే ఇంకొకరు పట్టరు, ఒక కిరాయి పోతుంది. ఆటోవాడికి తెలిసిన ఈ తేడా టీవీ చర్చల్లో చాలామందికి తట్టదు.

విమానంలోనూ అంతే. బరువుకు సంబంధించిన ఖర్చు ఇంధనం. వెడల్పుకు సంబంధించిన ఖర్చు సీటు. ఈ రెండూ ఎప్పుడూ కలిసి ఉండవు. ఆరడుగుల మూడంగుళాల కబడ్డీ ఆటగాడు వంద కిలోలు ఉండొచ్చు, అయినా నడుము దగ్గర ఒక సీట్లో హాయిగా పడతాడు. అతని సమస్య మోకాళ్లు, భుజాలు. ఐదడుగుల మనిషి ఎనభై కిలోలే ఉన్నా తుంటి దగ్గర సీటు బిగుతుగా అనిపించొచ్చు. కాబట్టి ‘ఎక్కువ కట్టాలా?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ‘దేనికి ఎక్కువ?’ అని అడగాలి.

కిలోకింత అని టికెట్ అమ్మిన కంపెనీ

బరువు లెక్కన టికెట్ అనేది ఊహ కాదు, నిజంగా జరిగింది. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దేశంలో సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ ఈ పద్ధతి పెట్టింది. 2013లో ఆ వార్త ప్రపంచమంతా చుట్టింది. బుక్ చేసేటప్పుడు మీ బరువు, లగేజీ బరువు చెప్పాలి. ఎయిర్‌పోర్ట్‌లో తూకం వేస్తారు. దూరాన్ని బట్టి కిలోకి ఇంత అని చార్జీ. కంపెనీ అధిపతి క్రిస్ లాంగ్టన్ దీన్ని అన్నిటికంటే న్యాయమైన పద్ధతి అని సమర్థించుకున్నారు. పిల్లలతో ప్రయాణించే కుటుంబాలకు ఖర్చు తగ్గుతుందని కూడా చెప్పారు. అది నిజమే. పదిహేను కిలోల పిల్లాడికి పూర్తి సీటు టికెట్ కొనడం కంటే పదిహేను కిలోలకు డబ్బు కట్టడం చవకే కదా.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సమోవా ఎయిర్ నడిపినవి బ్రిటన్ నార్మన్ ఐలాండర్, సెస్నా లాంటి బుల్లి విమానాలు. పట్టుమని పది మంది కూడా పట్టరు. అలాంటి విమానంలో ఇద్దరు భారీకాయులు ఎక్కితే, మోయగలిగే బరువులో పెద్ద వాటా వాళ్లదే అవుతుంది. ఇంకో ప్రయాణికుడినో, కొంత సరుకునో దించేయాల్సి రావచ్చు. అంటే అక్కడ కిలో అనేది నిజంగానే అమ్ముడుపోయే వస్తువు. లారీలో సరుకు వేసినట్టే.

అదే ఏడాది నార్వేలో పనిచేసే ఆర్థికవేత్త భరత్ భట్ట ఇదే అంశంపై ఒక పరిశోధన వ్యాసం రాశారు. ఆయన మూడు పద్ధతులు సూచించారు. మొదటిది, మనిషీ లగేజీ కలిపి కిలోకింత అని నేరుగా చార్జీ. రెండోది, అందరికీ ఒక కనీస చార్జీ పెట్టి, బరువును బట్టి కిలోకింత కలపడమో తగ్గించడమో. మూడోది, ఎక్కువమందికి మామూలు ధర, బాగా తేలిగ్గా ఉన్నవాళ్లకు డిస్కౌంట్, బాగా బరువున్నవాళ్లకు అదనం. కాగితం మీద మూడూ చక్కగానే కనిపిస్తాయి. మరి పెద్ద విమానంలో ఇవి నిలబడతాయా?

లెక్కేద్దాం రండి

మనకు బాగా తెలిసిన ఎయిర్‌బస్ ఏ320 నియో తీసుకుందాం. శంషాబాద్ నుంచి రోజూ ఎగిరేవాటిలో ఎక్కువగా కనిపించే రకం ఇదే. ఇది గరిష్ఠంగా 79 టన్నుల బరువుతో టేకాఫ్ అవ్వగలదు. ప్రయాణికులు, ఇంధనం ఏమీ లేకుండానే విమానం బరువు 40 టన్నులు దాటుతుంది. 186 మంది ఎక్కారనుకోండి. మనిషికి సగటున 75 కిలోలు వేసుకున్నా మొత్తం 14 టన్నులు. అంటే పూర్తి బరువులో మన అందరి శరీరాలూ కలిపి ఐదో వంతు కూడా కాదు. మిగతాదంతా లోహం, ఇంధనం, లగేజీ, సరుకు.

ఇప్పుడు 70 కిలోల ప్రయాణికుడినీ 100 కిలోల ప్రయాణికుడినీ పోల్చుదాం. తేడా 30 కిలోలు. విమానయానంలో ఒక మోటు లెక్క ఉంది. మోసుకెళ్లే అదనపు బరువులో గంటకు సుమారు 3 నుంచి 4 శాతం ఇంధనంగా ఖర్చవుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటలు అనుకుంటే, 30 కిలోలకు సుమారు రెండు కిలోల ఇంధనం. లీటర్లలో చెప్పాలంటే రెండున్నర. లీటరు ఏటీఎఫ్ 90 రూపాయలు అనుకుంటే మొత్తం 230 రూపాయల చుట్టూ తేలుతుంది.

ఈ లెక్క మరీ గాల్లోంచి తీసింది కాదని చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2013లో గోఎయిర్ సంస్థ ఇకపై క్యాబిన్ క్రూలో అమ్మాయిలనే తీసుకుంటామని చెప్పింది. కారణం, మగవాళ్ల కంటే వాళ్లు సగటున 15 నుంచి 20 కిలోలు తక్కువ బరువుంటారట. ప్రతి అదనపు కిలోకూ గంట ప్రయాణానికి 3 రూపాయలు ఖర్చవుతుందని కంపెనీ లెక్క చెప్పింది. ఆ లెక్కలో మన 30 కిలోలకు రెండు గంటలకు 180 రూపాయలు. రెండు దారుల్లో వచ్చినా జవాబు దగ్గరదగ్గరగానే ఉంది.

ఉద్యోగాలు వెతుక్కునే మనం ఈ ఉదాహరణ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బరువు లెక్క ఒకసారి మొదలైతే అది టికెట్ దగ్గరే ఆగిపోదు, నియామకాల దాకా వస్తుంది. అర్హతలన్నీ ఉన్న కుర్రాడికి ‘నువ్వు సగటున బరువెక్కువ జాతివి’ అని తలుపు మూసేయడం ఎంతవరకు న్యాయం? అందులోనూ ఆ అబ్బాయి బక్కపలచగా ఉండొచ్చు!

సరే, అసలు విషయానికి వద్దాం. మొత్తం 180 నుంచి 250 రూపాయలు. ఐదారు వేల టికెట్‌లో ఇది నాలుగైదు శాతం. కిటికీ పక్క సీటు ఎంచుకుంటే కట్టే రుసుము చాలాసార్లు ఇంతకంటే ఎక్కువే. ఈ కొద్దిపాటి డబ్బు కోసం ప్రతి ప్రయాణికుడినీ తూకం వేయాలంటే మెషీన్లు, సిబ్బంది, క్యూలు, గొడవలు. ‘పొద్దున్నే టిఫిన్ చేశాను, రెండు కిలోలు తగ్గించండి’ అనే వాదనలు. తూకం ఖర్చే వసూలైన డబ్బును మింగేస్తుంది.

‘మరి లగేజీకి కిలో లెక్కన వసూలు చేస్తారు కదా?’ అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. అమెరికా వెళ్లే విద్యార్థి ఉన్న ప్రతి ఇంట్లో ప్రయాణం ముందు రాత్రి జరిగే సీన్ మనకు తెలిసిందే. సూట్‌కేసు 23 కిలోలు దాటిందని ఆవకాయ సీసా తీసి ఇటు, పప్పుల పొడి తీసి అటు. దేశీయ విమానాల్లోనూ 15 కిలోలు దాటితే ఎయిర్‌పోర్ట్‌లో కిలోకి వందల రూపాయలు కట్టాలి. కానీ పైన చూశాం, ఢిల్లీ దాకా ఒక కిలోకి అయ్యే ఇంధనం ఖర్చు ఏడెనిమిది రూపాయలే. అంటే అదనపు లగేజీ చార్జీలో ఇంధనం వాటా నామమాత్రం. బ్యాగు మోసే శ్రమ, సరుకు పెట్టుకునే చోటు, అన్నిటికంటే ముఖ్యంగా లాభం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ‘బ్యాగుకు వేస్తున్నారు కాబట్టి మనిషికీ వేయాలి’ అనే తర్కం ఇక్కడే బోల్తా పడుతుంది. రెండు కిలోలు ఎక్కువైతే సూట్‌కేసులోంచి పచ్చడి సీసా తీసేయొచ్చు. ఒంట్లోంచి ఏం తీస్తాం?

బరువు నిజంగా ముఖ్యమైన చోటు

ఇంతమాత్రాన విమానానికి మనుషుల బరువుతో పనే లేదనుకోవద్దు. చాలా పని ఉంది, కానీ అది భద్రత విషయంలో. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ సంస్థకు చెందిన బీచ్‌క్రాఫ్ట్ 1900 విమానం టేకాఫ్ అవుతూనే కూలిపోయింది. అందులో ఉన్న 21 మందీ చనిపోయారు. మెయింటెనెన్స్‌లో జరిగిన పొరపాటుతో పాటు, విమానం పరిమితికి మించిన బరువుతో, అదీ తోక వైపు ఎక్కువ బరువుతో ఉందని దర్యాప్తులో తేలింది. ప్రయాణికుల బరువును పాత సగటుతో లెక్కేశారు. జనం మాత్రం ఆ సగటు కంటే బరువెక్కారు. ఆ తర్వాత అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సగటు అంకెలను పెంచింది.

ఎయిర్ న్యూజిలాండ్ 2023లో అంతర్జాతీయ ప్రయాణికులను గేటు దగ్గర తూచింది ఇందుకే. ఫిన్‌ఎయిర్ 2024లో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లను తూచింది. రెండు చోట్లా పేర్లు లేకుండా అంకెలు మాత్రమే తీసుకున్నారు. టికెట్ ధరతో వాటికి సంబంధం లేదు.

ఇంకో ఆసక్తికరమైన ఉదాహరణ జపాన్‌ది. 2023 అక్టోబర్‌లో సుమో మల్లయోధులు పోటీల కోసం అమామి ఓషిమా దీవికి బయల్దేరారు. సగటున 120 కిలోలున్న మల్లులు ఒకే విమానంలో ఎక్కువమంది ఎక్కుతున్నారని జపాన్ ఎయిర్‌లైన్స్ గుర్తించింది. ఇంధనం పరిమితి దాటే ప్రమాదం ఉందని 27 మందికి ప్రత్యేకంగా ఇంకో విమానం వేసింది. దీవిలో రన్‌వే చిన్నది కాబట్టి అంతకంటే పెద్ద విమానం పంపే వీల్లేదు. గమనించారా? సమస్య ఒక్క మనిషి బరువుతో రాలేదు, మొత్తంతో వచ్చింది. దానికి పరిష్కారం కూడా కంపెనీ చూసుకుంది, బిల్లు ఒక్కొక్కరి చేతిలో పెట్టలేదు.

మన దగ్గర ఈ మాట ఏటీఆర్ విమానాలకు కొంచెం ఎక్కువ వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం, కడప లాంటి చోట్లకు ఎగిరేవి ఇవే. ఏటీఆర్ 72 టేకాఫ్ బరువు 23 టన్నుల లోపే. విమానం చిన్నదయ్యే కొద్దీ ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది ముఖ్యమవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ‘ముందుకు వచ్చి కూర్చోకండి, మీ సీట్లోనే ఉండండి’ అని ఎయిర్‌హోస్టెస్ గట్టిగా చెప్పేది అందుకే. మొహమాటం కోసం కాదు, బ్యాలెన్స్ కోసం.

అసలు గొడవ సీటు దగ్గరే

బరువు వాదన పక్కకు పోయింది. ఇక మిగిలింది చోటు. ఇక్కడ మాత్రం సమస్య నిజమైనదే. ఎకానమీ సీటు వెడల్పు సాధారణంగా 17 నుంచి 18 అంగుళాలు. ఒకరి శరీరం ఆర్మ్‌రెస్ట్ దాటి పక్క సీట్లోకి వస్తే, పక్కనున్నవాళ్లు కొన్న చోటు తగ్గినట్టే. నాలుగు గంటలు ఒక వైపు ఒరిగి కూర్చుని నడుం నొప్పి తెచ్చుకున్న ప్రయాణికుడి బాధను కొట్టిపారేయలేం. ఆయన కూడా పూర్తి టికెట్టే కొన్నాడు. ఇటు లావుగా ఉన్న ప్రయాణికురాలి బాధ చూడండి. మూడు సీట్ల వరుసలోకి అడుగుపెట్టగానే రెండు జతల కళ్లు తనను కొలుస్తాయి. సీట్‌బెల్ట్ ఎక్స్‌టెన్షన్ అడగాలంటే మొహమాటం. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు. సీటు డిజైన్ చేసినవాళ్లు మాత్రం అక్కడ ఉండరు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, మనుషులు పెరిగారా, సీట్లు తగ్గాయా? రెండూ జరిగాయి. అమెరికాలో ఫ్లయర్స్ రైట్స్ అనే ప్రయాణికుల సంఘం ఇదే విషయంపై కోర్టుకు వెళ్లింది. సీటుకూ సీటుకూ మధ్య దూరం సగటున 35 అంగుళాల నుంచి 31కి, కొన్ని విమానాల్లో 28కి పడిపోయిందని చెప్పింది. వెడల్పు 18.5 అంగుళాల నుంచి 17కి తగ్గిందని కూడా. 2017లో అప్పీల్ కోర్టు తీర్పు ఇస్తూ దీన్ని ‘నమ్మశక్యం కాని రీతిలో కుంచించుకుపోతున్న విమాన సీటు కేసు’ అని చమత్కరించింది. ఈ విషయాన్ని మళ్లీ సరిగ్గా పరిశీలించమని ఎఫ్‌ఏఏకు చెప్పింది. 2018లో అమెరికా పార్లమెంటు, సీటుకు కనీస కొలతలు నిర్ణయించాలని చట్టమే చేసింది. ఎఫ్‌ఏఏ 2022లో ప్రజల అభిప్రాయాలు అడిగితే 26 వేలకు పైగా స్పందనలు వచ్చాయి.

దీన్నిబట్టి ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఎవరు ‘లావు’ అన్నది శరీరం ఒక్కటే తేల్చదు, కుర్చీ కూడా తేలుస్తుంది. సీటు అంగుళం తగ్గించిన ప్రతిసారీ ‘ఒక సీటు చాలని మనుషులు’ కొంతమంది కొత్తగా పుడతారు. వాళ్లు ఒక్క ఇడ్లీ కూడా ఎక్కువ తినకుండానే! ఆ అంగుళం తగ్గించి అదనపు వరుస వేసుకున్న లాభం కంపెనీది, అదనపు టికెట్ భారం ప్రయాణికుడిది అయితే, దాన్ని న్యాయమైన ధర అనగలమా?

మూడు దేశాలు, మూడు దారులు

మరి రెండో సీటు డబ్బు ఎవరు కట్టాలి? దీనికి ప్రపంచంలో మూడు రకాల జవాబులు కనిపిస్తాయి.

మొదటిది అమెరికా దారి. ప్రయాణికుడే కొనాలి. విమానం నిండకపోతే డబ్బు వెనక్కి రావచ్చు. సౌత్‌వెస్ట్ ఇప్పుడు ఈ దారిలోకే వచ్చింది. ఇందులో చిక్కు ఏంటంటే, టికెట్ కొనేటప్పుడు మీ ప్రయాణం ఖర్చు ఎంతో మీకే తెలియదు. విమానం నిండుతుందా లేదా అన్నది మీ చేతుల్లో లేదు. పండగ సీజన్‌లో నిండుతుంది, మామూలు మంగళవారం నిండదు. అంటే నెల జీతం మీద బతికేవాడికి ఇది లాటరీ లాంటిది.

రెండోది ఫ్రాన్స్ దారి. ఎయిర్ ఫ్రాన్స్‌లో రెండో సీటు కొంటే 25 శాతం తగ్గింపు ఇస్తారు. క్యాబిన్‌లో సీట్లు ఖాళీగా ఉంటే రీఫండ్ కూడా ఉంటుంది. భారాన్ని కొంత పంచుకుంటున్నారు.

మూడోది కెనడా దారి. ‘ఒక మనిషికి ఒక టికెట్’. 2008 జనవరిలో అక్కడి రవాణా నియంత్రణ సంస్థ ఈ ఆదేశం ఇచ్చింది. వైకల్యం వల్ల సహాయకుడు తప్పనిసరిగా వెంట ఉండాల్సినవాళ్లకు, ఊబకాయం వైకల్యం స్థాయికి చేరినవాళ్లకు దేశీయ విమానాల్లో రెండో సీటుకు చార్జీ వేయకూడదు. ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్ సంస్థలు దీన్ని కోర్టులో సవాలు చేయబోయాయి. ఆ ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు వాళ్ల అప్పీల్‌ను వినడానికే ఒప్పుకోలేదు. 2009 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఖర్చు ఎంత? ఈ భారాన్ని అందరి మీదా పంచితే ఎయిర్ కెనడాకు టికెట్‌కు 77 సెంట్లు, వెస్ట్‌జెట్‌కు 44 సెంట్లు అవుతుందని ఆ సంస్థే అంచనా వేసింది. ఒక డాలర్ కూడా కాదు!

ఈ 77 సెంట్ల అంకె దగ్గర చర్చ మొత్తం మలుపు తిరుగుతుంది. ఒక్కరి మీద వేస్తే టికెట్ రెట్టింపు. అందరి మీద పంచితే టీ ఖర్చు కూడా కాదు. విమానంలో ఇప్పటికే మనం ఎన్నో పంచుకుంటున్నాం. వీల్‌చెయిర్ సేవకు విడిగా చార్జీ వేయరు, ఆ ఖర్చు అందరి టికెట్లలో ఉంది. ఒకరు టాయిలెట్‌కు ఐదుసార్లు వెళ్తారు, ఇంకొకరు అసలు వెళ్లరు. లెక్క ఎవరూ వేయరు.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే, దాన్ని దాచకూడదు. కెనడా నియమంలో వైద్యుల ధ్రువీకరణ అవసరం పడుతుంది. ‘నేను వికలాంగుడిని’ అని కాగితం తెచ్చుకోవడం చాలామందికి అవమానంగా అనిపిస్తుంది. ఇంకోటి, పూర్తిగా ఉచితం అంటే అవసరం లేనివాళ్లూ రెండో సీటు అడిగే అవకాశం ఉంటుంది. సౌత్‌వెస్ట్ పాత పద్ధతి మీద వచ్చిన విమర్శల్లో ఇదీ ఒకటి.

మన దగ్గర ఎలా ఉంది?

ఇది విదేశీ గొడవ అని వదిలేయడానికి లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 అంకెలు చూడండి. దేశంలో 24 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 36 శాతం, తెలంగాణలో 30 శాతం. వీళ్లందరికీ రెండు సీట్లు కావాలని కాదు, చాలా కొద్దిమందికే కావాలి. కానీ ఆ కొద్దిమంది ఎవరో పరాయివాళ్లు కాదు, మన ఇంట్లోవాళ్లే. థైరాయిడ్ ఉన్న అత్తయ్య, స్టెరాయిడ్ మందులు వాడే బాబాయ్, పీసీఓడీతో బాధపడే క్లాస్‌మేట్. ‘నోరు కట్టుకుంటే తగ్గుతారు’ అనడం తేలిక. టికెట్ ధర పెంచితే థైరాయిడ్ తగ్గదు.

రెండో సీటు తక్కువ ధరకు ఇవ్వడం మన కంపెనీలకు చేతకాని పనేమీ కాదు. కరోనా సమయంలో, 2020 జులైలో, ఇండిగో ‘డబుల్ సీట్’ పథకం తెచ్చింది. పక్కన ఎవరూ ఉండకూడదనుకునేవాళ్లకు రెండో సీటును అసలు చార్జీలో 25 శాతం వరకు ధరకే ఇచ్చింది. అది వైరస్ భయం కోసం పెట్టింది, విమానాలు సగం ఖాళీగా తిరిగే రోజులు కూడా. అయినా ఒక విషయం రుజువైంది. రెండో సీటులో కూర్చునే రెండో మనిషి లేడు, రెండో లగేజీ లేదు, దాని చెక్‌ఇన్ లేదు. అలాంటప్పుడు దానికి పూర్తి ధర ఎందుకు?

టెక్నాలజీ వైపు నుంచి ఇంకో మాట. విమాన కంపెనీల సిస్టమ్స్‌లో అదనపు సీటుకు ‘ఈఎక్స్‌ఎస్‌టీ’ అనే కోడ్ ఉంది. కానీ సామాన్యులు వాడే బుకింగ్ యాప్‌లలో ఒకే మనిషికి రెండు సీట్లు అనే ఆప్షన్ వెతికినా దొరకడం కష్టం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, తన శరీరం గురించి ముక్కూమొహం తెలియని మనిషికి వివరించాలి. కొన్నా కూడా, రెండో బోర్డింగ్ పాస్ స్కాన్ అవ్వకపోతే ‘ప్రయాణికుడు రాలేదు’ అని సిస్టమ్ ఆ సీటును ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. వెయ్యి రకాల యాడ్ఆన్‌లు, భోజనాలు, ఇన్సూరెన్స్‌లు మన ముఖాన పాప్‌అప్‌లు వేసే యాప్‌లకు ఈ ఒక్క చెక్‌బాక్స్ పెట్టడం పెద్ద కోడింగ్ సవాలేమీ కాదు. పెట్టాలనుకోవాలి, అంతే.

నా మాట

బరువుకు చార్జీ వద్దు. పెద్ద విమానంలో దానికి ఆర్థిక ఆధారం లేదు. పైగా అది లావుగా ఉన్నవాళ్లతో పాటు పొడవుగా ఉన్నవాళ్లను, కండలున్నవాళ్లను, సగటున బరువెక్కువ కాబట్టి మగవాళ్లందరినీ శిక్షిస్తుంది. సమోవా ఎయిర్ లాంటి పదిమంది విమానాల సంగతి వేరు.

చోటుకు ధర అన్నది మాత్రం మాట్లాడదగిన విషయం. అయితే దానికి నాలుగు షరతులు ఉండాలి. ఒకటి, సీటుకు కనీస కొలతలు చట్టప్రకారం ఉండాలి, బుక్ చేసేటప్పుడు ఆ అంగుళాలు స్క్రీన్ మీద కనిపించాలి. లోదుస్తులకు కూడా సైజ్ చార్ట్ ఇచ్చే కాలంలో వేల రూపాయల సీటుకు ఇవ్వకపోవడం ఏంటి? రెండు, రెండో సీటు ధర తక్కువగా, ముందే తెలిసేలా ఉండాలి, విమానం నిండడం మీద ఆధారపడే లాటరీ కాకూడదు. మూడు, వైద్య కారణాలు ఉన్నవాళ్లకు కెనడా తరహాలో ఆ భారం అందరూ పంచుకోవాలి. నాలుగు, ఈ నిర్ణయం బుకింగ్ దగ్గరే అయిపోవాలి. గేటు దగ్గర వందమంది ముందు ఒక ఉద్యోగి కంటితో కొలిచి తేల్చే పద్ధతి ఎవరికీ మంచిది కాదు. ఆ ప్రయాణికుడికీ కాదు, ఆ పని చేయాల్సి వచ్చిన ఇరవై రెండేళ్ల గ్రౌండ్ స్టాఫ్‌కూ కాదు. రేపు ఆ యూనిఫాంలో మీలో ఎవరైనా ఉండొచ్చు.

గ్రూప్ డిస్కషన్‌లో వస్తే...

ఇలాంటి అంశం ఇచ్చినప్పుడు మొదటి నిమిషంలోనే సగంమంది ‘అది వివక్ష’ అంటారు, మిగతా సగం ‘వాడుకున్నవాడు కట్టాలి’ అంటారు. మీరు మూడో పని చేయండి.

ముందు ప్రశ్నను విడగొట్టండి. ‘మనం మాట్లాడుతున్నది బరువు గురించా, చోటు గురించా?’ అని అడగండి. గ్రూప్ మొత్తం మీ వైపు తిరుగుతుంది. తర్వాత ఒక అంకె చెప్పండి. 30 కిలోలకు ఢిల్లీ దాకా రెండొందల చిల్లర, కెనడాలో టికెట్‌కు 77 సెంట్లు. పది విశేషణాల కంటే ఒక అంకె బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఎదుటివాళ్ల వాదనలో బలమైన భాగాన్ని మీరే ఒప్పుకోండి. పక్క సీటు ప్రయాణికుడి హక్కును ప్రస్తావించినవాళ్లకు విశ్వసనీయత పెరుగుతుంది. చివరగా అమలు చేయదగిన సూచన ఒకటి ఇవ్వండి.

హెల్త్ ఇన్సూరెన్స్‌ను ఎవరైనా ఉదాహరణగా తెస్తే తడబడకండి. బరువు ఎక్కువైతే అక్కడ ప్రీమియం పెంచుతారు, నిజమే. కానీ అక్కడ అమ్మేది రిస్క్. ఇక్కడ అమ్మేది చోటు. ఏ వస్తువు అమ్ముతున్నారో దానికే ధర ఉండాలన్నది రెండు చోట్లా ఒకటే సూత్రం.

ఇంకో సంగతి. ఈ అంశం ఇష్టమనిపిస్తే, దీని చుట్టూ ఉద్యోగాలు కూడా ఉన్నాయి. ఏ సీటు ఏ రోజు ఎంతకు అమ్మాలో తేల్చేవాళ్లు రెవెన్యూ మేనేజ్‌మెంట్ అనలిస్టులు. గణితం, స్టాటిస్టిక్స్, పైథాన్ వచ్చినవాళ్లకు మంచి దారి. ప్రతి విమానానికీ బరువు, బ్యాలెన్స్ లెక్కగట్టి లోడ్ అండ్ ట్రిమ్ షీట్ తయారుచేసేవాళ్లు లోడ్ కంట్రోల్ సిబ్బంది. ఫ్లైట్ డిస్పాచర్ పని ఇంకొకటి, దానికి డీజీసీఏ ఆమోదం కావాలి. బుకింగ్ యాప్ డిజైన్ చేసేవాళ్లలో మన హైదరాబాద్ ఇంజినీర్లు ఎంతమందో చెప్పక్కర్లేదు.

పైన చెప్పిన ఆ చెక్‌బాక్స్‌ను స్క్రీన్ మీద పెట్టాలా, వద్దా అన్న మీటింగ్‌లో రేపు మీరు కూర్చోవచ్చు. అప్పుడు ఎవరో ఒకరు ‘దీనికి డిమాండ్ లేదు’ అంటారు. అడిగే చోటే పెట్టకపోతే డిమాండ్ ఎక్కడ కనిపిస్తుందని మీరు అడగండి.